మత్తు డాక్టరు అడిగినప్పుడు... ఇంటి కథంతా చెప్పండి!

ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడతారు. బీపీ ఉందా, షుగరుందా, ఉబ్బసమా, కట్టుడు పళ్లున్నాయా... వరసగా అడుగుతూ పోతారు. వీటికి అందరూ ఓపిగ్గానే జవాబిస్తారు. ఆఖర్లో ఇంకో ప్రశ్న ఉంటుంది. ‘మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తుమందు వికటించిందా? ఆపరేషన్ బల్లమీద ఎవరైనా పోయారా?’ ఇక్కడికొచ్చేసరికి ‘అబ్బే, అలాంటివేం లేవండీ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. కొందరికి నిజంగానే తెలీదు. కొందరికి తెలుసు... కానీ శుభమా అని ఆపరేషన్‌కు వెళ్తుంటే పోయినవాళ్ల ఊసెందుకని నోరు నొక్కుకుంటారు.

నేను మత్తు డాక్టర్ని. గుంటూరు జిల్లాలో ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. అడిగేది ఎందుకో విడమరిచి చెప్పే తీరిక మాత్రం వార్డులో ఎప్పుడూ దొరకదు. ఆ ప్రశ్న వెనక ఒక జబ్బుంది. పేరు మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా. మాలిగ్నెంట్ అనగానే క్యాన్సరేమోనని కంగారు పడకండి. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కొన్ని రకాల మత్తుమందులు తగలగానే ఒంట్లో కండలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయి, మనిషి నిప్పుల కుంపటైపోవడం... అదీ జబ్బు. మామూలు రోజుల్లో ఈ మనిషికీ మీకూ నాకూ తేడా ఏమీ కనిపించదు. పొలం పనులు చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, నిక్షేపంలా ఉంటారు. మత్తు బల్ల ఎక్కేదాకా ఎవరికీ తెలీదు.

పదిమంది పోయాక...

ఈ జబ్బును ప్రపంచానికి పట్టిచ్చింది ఏ యంత్రమో కాదు, ఒక కుర్రాడి భయం. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 21 ఏళ్ల విద్యార్థి ఒకడు కాలు విరిగి ఆసుపత్రికొచ్చాడు. అతనికి విరిగిన కాలు గురించి కాదు బెంగ, ఇవ్వబోయే మత్తు గురించి. ఎందుకంటే అతని బంధువుల్లో పదిమంది ఈథర్ మత్తులోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. పదిమంది! డాక్టర్లు ఈథర్ పక్కనపెట్టి, అప్పట్లో కొత్తగా వచ్చిన హాలోథేన్ ఇచ్చారు. కొద్ది నిమిషాలకే బీపీ పడిపోయింది, గుండె దడదడలాడింది, ఒళ్లు కాలిపోతూ చెమటలు పట్టేశాయి. వెంటనే మత్తు ఆపేసి, ఐసు పెట్టి చల్లబరిచారు. బతికి బయటపడ్డాడు.

అక్కడి వైద్యుడు మైకేల్ డెన్‌బరో ఆ కుటుంబం వంశవృక్షమంతా గీసి చూశారు. తల్లి నుంచో, తండ్రి నుంచో పిల్లలకు దిగుతోందని తేలింది. సహచరుడు లవెల్‌తో కలిసి అదే ఏడాది ‘లాన్సెట్’ పత్రికకు రాశారు. (ఈ డెన్‌బరోగారే తర్వాత 1984లో ఆస్ట్రేలియాలో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా ఏకంగా ఓ రాజకీయ పార్టీ పెట్టారు. 2014లో కన్నుమూశారు.) నాకు ఈ కథలో నచ్చేది ఒకటే. ఆ కుర్రాడు చెప్పిన మాటను ‘భయస్తుడు, ఏదో వాగుతున్నాడు’ అని కొట్టిపారేయకుండా కూర్చుని విన్నారు చూడండి, అది.

లోపల జరిగేదేమిటి?

మన కండ కదలాలంటే కాల్షియం కావాలి. కండ కణం లోపల కాల్షియం నిల్వ ఉండే చిన్న చిన్న ట్యాంకులున్నాయనుకోండి. వాటికో కుళాయి. చెయ్యి ఎత్తాలనుకోగానే కుళాయి తిరుగుతుంది, కాల్షియం బయటికొస్తుంది, కండ బిగుస్తుంది. పనైపోగానే కుళాయి కట్టేసుకుంటుంది, కాల్షియం తిరిగి ట్యాంకులోకి పోతుంది. కండ సడలుతుంది. ఈ కుళాయికి డాక్టర్లు పెట్టిన పేరు రయనోడిన్ రిసెప్టర్. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఆర్‌వైఆర్1. మన 19వ క్రోమోజోము మీద ఉంటుంది. ఆ సంగతి 1990లో బయటపడింది.

కొందరిలో పుట్టుకతోనే ఈ కుళాయి వాషరు సరిగ్గా ఉండదు. మామూలు వాడకానికి ఇబ్బంది లేదు. హాలోథేన్, ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ వంటి పీల్చే మత్తులు గానీ, గొంతులోకి గొట్టం వేసేటప్పుడు కండలు సడలడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ గానీ తగిలితే ఇక కట్టుకోదు. (ఈ రెండో మందును మేం థియేటర్లో స్కోలిన్ అంటాం.) కాల్షియం ధార కడుతూనే ఉంటుంది. ఒంట్లో కండలన్నీ పడుకున్నచోటే పరుగుపందెంలో ఉన్నట్టు పనిచేస్తుంటాయి. ప్రాణవాయువు ఖర్చయిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతుంది, దవడ బిగుసుకుంటుంది. వేడి అయిదు నిమిషాలకో డిగ్రీ చొప్పున కూడా పెరగొచ్చు. కండలు చితికి అందులోని పొటాషియం రక్తంలోకి వస్తే గుండె లయ తప్పుతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

జ్వరం అన్న మాట పేరులోనే ఉంది గానీ, మాకు ముందుగా తెలిసేది జ్వరంతో కాదు. ఊపిరిలో బొగ్గుపులుసు వాయువును కొలిచే యంత్రంలో అంకె అకారణంగా పైకి పాకుతుంది. అదీ మొదటి గంట. కాబట్టి ఆపరేషనైన మర్నాడు మీ అమ్మాయికి జ్వరమొస్తే దీన్ని తలచుకుని హడలిపోనక్కర్లేదు. ఆ జ్వరాలకు వేరే కారణాలు సవాలక్ష.

ఎంతమందికి వస్తుందంటే... పది వేల మత్తుల్లో ఒకటని కొందరు, రెండున్నర లక్షల్లో ఒకటని కొందరు లెక్కవేశారు. జన్యులోపం ఉన్నవాళ్లు మాత్రం ఇంతకన్నా చాలా ఎక్కువ. రెండు మూడు వేలమందిలో ఒకరు ఉండొచ్చని అంచనా. తిరకాసు ఏమిటంటే, ఇది ప్రతిసారీ విరుచుకుపడదు. ముందు రెండు మూడు ఆపరేషన్లు సజావుగా అయిపోయి, ఆ తర్వాతి దానికి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ‘పోయినేడు అపెండిసైటిస్ ఆపరేషనప్పుడు ఏం కాలేదుగా’ అనే ధీమా పనికిరాదు.

మందు ఉంది... కానీ

ఇదే జబ్బు పందులకూ ఉంది. కబేళాకు తోలుకెళ్తుంటే బెదిరి, ఒళ్లు బిగుసుకుని చచ్చిపోయే కొన్ని జాతి పందుల మీద మత్తుమందులు పనిచేసే తీరు చూస్తే అచ్చం మనుషుల్లాగే ఉంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో గైస్‌ఫర్డ్ హారిసన్ అనే మత్తు వైద్యుడు ఆ పందులకు డాంట్రోలిన్ అనే మందు ఇచ్చి బతికించారు. అది 1975. ఆ డాంట్రోలిన్ ఇంజెక్షన్‌కు 1979లో అమెరికా అనుమతి దొరికింది. అంతకుముందు ఈ జబ్బు వస్తే పదిమందిలో ఏడెనిమిది మంది పోయేవారు. మందు చేతిలో ఉండి, వెంటనే పసిగట్టే ఆసుపత్రుల్లో ఇప్పుడు పదిమందిలో ఒకరు కూడా పోవడం లేదు.

‘చేతిలో ఉండి’ అన్నాను చూశారూ, కిటుకంతా అక్కడే. కిలో బరువుకు రెండున్నర మిల్లీగ్రాములు ఇవ్వాలి. అరవై కిలోల మనిషికి మొదటి విడతే 150 మిల్లీగ్రాములు. పాతరకం సీసాలో ఉండేది 20. అంటే ఎనిమిది సీసాలు పగలగొట్టాలి. ఒక్కోదాంట్లో 60 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కరిగేదాకా గిలక్కొట్టాలి. ఒకరు సీసాలు ఊపుతుంటే, ఒకరు ఎక్కిస్తుంటే, ఇంకొకరు ఐసు కోసం పరుగు. ఒక్క మనిషి కోసం 36 సీసాలు సిద్ధంగా ఉంచుకోమన్నది అమెరికావాళ్లు పెట్టుకున్న నియమం. 2014లో అక్కడ ఒకే సీసాలో 250 మిల్లీగ్రాములుండే కొత్తరకం వచ్చింది. ఇక మన దేశం నుంచి పత్రికల్లోకెక్కిన కేసులు తిరగేస్తే ‘డాంట్రోలిన్ అందుబాటులో లేదు’ అన్న వాక్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఖరీదైన మందు, ఏళ్ల తరబడి అవసరం పడదు, గడువు తీరితే పారబోయాలి. అందుకని ఎవరూ కొనరు. నన్నడిగితే ఫైరింజను కూడా అంతే కదా! ఊళ్లో నర్సింగ్‌హోములన్నీ తలా కొంత వేసుకుని ఒక్క సెట్టయినా ఉంచుకోకూడదా అనిపిస్తుంది. మందు లేనిచోట మాకున్న ఆయుధం ఒక్కటే, ముందే తెలియడం. ముందే తెలిస్తే ఆ మందులు వాడకుండానే మత్తివ్వొచ్చు.

రక్తసంబంధం వేరు, ముఖపోలిక వేరు

ఇక్కడే కండల జబ్బుల సంగతి ముందుకొస్తుంది. ‘మా బాబుకు కండల బలహీనత ఉందండీ, మత్తిస్తే ఇదొస్తుందట కదా’ అని అడిగే తల్లులున్నారు. అన్ని కండల జబ్బులకూ దీనితో చుట్టరికం లేదు. కొన్ని నిజంగా రక్తసంబంధీకులు. కొన్నిటివి ముఖపోలికలు మాత్రమే.

రక్తసంబంధీకుల్లో మొదటిది సెంట్రల్ కోర్ డిసీజ్. కండ ముక్క తీసి రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే, కణం నడిమధ్య రంగు పట్టని బొట్టు కనిపిస్తుంది. ఆ జబ్బును 1956లో మొదట వర్ణించారు. 1973లో దానికీ మత్తుకూ లంకె ఉందని చెప్పిందీ డెన్‌బరో బృందమే. రెంటికీ ఆ కుళాయి జన్యువే మూలం. ఈ పిల్లలు పుట్టినప్పుడు మెత్తగా, వేలాడిపోతున్నట్టు ఉంటారు. నడక ఆలస్యం. కొందరికి తుంటి కీలు జారి ఉంటుంది, వెన్ను వంకర తిరుగుతుంది. చాలామందిలో జబ్బు పెద్దగా ముదరదు కాబట్టి ‘మావాడు మొదట్నుంచీ కాస్త నెమ్మదే’ అని సరిపెట్టుకుంటారు. సరిగ్గా ఇలాంటి పిల్లలకే తుంటికో, వెన్నుకో ఆపరేషన్ అవసరమై మా దగ్గరకొస్తారు!

ఇదే కుటుంబంలో మల్టీమినీకోర్ అనే తమ్ముడున్నాడు. ఇందులో చాలావాటికి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడ్డవి రావాలి. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో ఆ అవకాశం ఎక్కువ. పొట్టిగా ఉండి, కనురెప్పలు వాలి, వెన్ను వంగి ఉండే పిల్లల్లో కనిపించే కింగ్-డెన్‌బరో సిండ్రోమ్ ఇంకొకటి. అమెరికాలోని నార్త్ కరొలైనాలో లుంబీ అనే ఆదివాసీ తెగ ఉంది. అక్కడ కొందరు పిల్లలకు చీలిన అంగిలి, బలహీనమైన కండలు, దాంతోపాటు ఈ మత్తు గండం. దానికి కారణం స్టాక్3 అనే మరో జన్యువని 2013లో తేలింది.

కుళాయి జన్యువు లోపమున్న కొందరికి మత్తుతో పనిలేకుండానే, ఎండలో పరుగెత్తినప్పుడు కండలు చితికిపోవడం, వడదెబ్బ ముదరడం కూడా చూశారు. రక్తనాళాల గోడల్లోనూ ఈ కుళాయి ఉంది. 2016లో పరిశోధకులు ఇలాంటి కుటుంబాలను పరిశీలిస్తే రక్తస్రావం మామూలు కన్నా ఎక్కువయ్యే లక్షణం బయటపడింది. అలాగని నెలసరి ఎక్కువగా అయ్యే ప్రతి ఒక్కరూ దీన్ని అనుమానించక్కర్లేదు సుమా!

ఇక ముఖపోలికల సంగతి. వీటిలో ముఖ్యమైనది డుషేన్ కండర క్షీణత. తల్లి ద్వారా మగపిల్లలకొచ్చే జబ్బు. దీని జన్యువు వేరు, కుళాయిలో లోపం లేదు. కణం పైపొరే బలహీనం. స్కోలిన్ ఇస్తే ఆ పొర చిరిగి పొటాషియం ఒక్కుమ్మడిగా రక్తంలోకొచ్చి గుండె ఆగిపోతుంది. పీల్చే మత్తుతోనూ కండలు చితకొచ్చు. చూసేవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ ఇక్కడ ముందు చేయాల్సింది డాంట్రోలిన్ ఇవ్వడం కాదు, గుండెను కాపాడి పొటాషియాన్ని దించడం. అప్పటిదాకా జబ్బుందని తెలియని మగపిల్లలు ఇలా బల్లమీద పోయిన ఘటనలు వరసగా బయటపడ్డాక, 1990ల్లో అమెరికాలో స్కోలిన్ మీద హెచ్చరిక అచ్చువేశారు. అత్యవసరమైతే తప్ప పిల్లలకు వాడొద్దని.

‘పిక్కలు చూడు తల్లీ, పహిల్వానులా...’

కొన్నేళ్ల కిందట అయిదేళ్ల బాబును హెర్నియా ఆపరేషన్‌కు తీసుకొచ్చారు. చిన్న కేసు, అరగంట పని. నేను మామూలు ప్రశ్నలన్నీ వేశాను. తల్లి అన్నిటికీ లేదు, లేదు అంది. అమ్మమ్మ పక్కనే కూర్చుని మనవడి కాళ్లు నిమురుతోంది. ‘కాస్త ఆలస్యంగా నడిచాడు గానీ, పిక్కలు చూడు తల్లీ, పహిల్వానులా ఎట్టా ఉన్నాయో!’ అంది మురిపెంగా.

నేను పిక్కలు పట్టుకు చూశాను. గట్టిగా, వయసుకు మించి లావుగా ఉన్నాయి. ‘కింద కూర్చుని లేవమ్మా నాన్నా’ అన్నాను. వాడు ముందు చేతులు నేలకానించి, తర్వాత మోకాళ్లమీద పెట్టుకుని, తన ఒంటి మీద తానే పాకుతున్నట్టు పైకి లేచాడు. ‘మామ్మగారూ, మీ పిల్లల్లో ఎవరైనా చిన్నప్పుడు ఇలాగే లేచేవారా?’ అని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని, ‘నా పెద్దాడు... పదేళ్లకే మంచాన పడ్డాడు. పద్దెనిమిదో ఏట పోయాడు. పోలియో అన్నారమ్మా అప్పట్లో’ అంది. కూతురికి ఆ అన్న సరిగ్గా గుర్తు కూడా లేడు. ఆ ఇంట్లో అతని పేరెత్తరు.

ఆపరేషన్ వాయిదా వేసి రక్తంలో సీపీకే పరీక్ష చేయించాం. మామూలుగా రెండొందల లోపుండాల్సింది పదివేలు దాటింది. తర్వాత జన్యు పరీక్షలో డుషేన్ అని తేలింది. హెర్నియా ఆపరేషన్ చేశాం. స్కోలిన్ జోలికి పోలేదు, పీల్చే మత్తు వాడలేదు. నరంలోకి ఇచ్చే మందులతో, వెన్ను చివర ఇచ్చే మత్తుతో నడిపించాం. బాబు మర్నాడు ఇడ్లీ తిని ఇంటికెళ్లాడు. జబ్బు అక్కడితో పోలేదు, పోదు కూడా. ఆ తల్లి తర్వాత రెండో బిడ్డ విషయంలో ముందే పరీక్ష చేయించుకుంటానంది. చెల్లెలికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారని, ఆమెకూ చెప్పాలా వద్దా అని నన్నడిగింది. చెప్పాలనే అన్నాను. చెప్పారో లేదో నాకు తెలీదు.

మన దగ్గర మరో రకం

తెలుగునాట ఇంకో సంగతి తరచూ దీంతో కలగాపులగమవుతుంటుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి స్కోలిన్‌ను విరిచే ఎంజైము పుట్టుకతోనే తక్కువ. దానికి కారణమైన జన్యుమార్పును 2006లో పరిశోధకులు ప్రచురించారు. అయిదు పది నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు గంటల తరబడి దిగదు. కండలు కదలవు, ఊపిరి ఆడదు. ఇది కండల జబ్బు కాదు, ఒళ్లు కాలదు, డాంట్రోలిన్‌తో పనిలేదు. మందు దిగేదాకా వెంటిలేటర్ మీద ఓపిగ్గా ఊపిరి అందిస్తే చాలు. అయినా ముందే చెబితే ఆ మందే మానేస్తాం. ‘మావాళ్లలో మత్తు త్వరగా దిగదండీ’ అని చెప్పే మామ్మలు నాకు తగిలారు. వాళ్ల మాట నూటికి నూరుపాళ్లు సైన్సే.

పరీక్షల మాటేమిటి?

అసలు పరీక్ష తొడ కండ ముక్క తీసి, అది బతికుండగానే కెఫీన్‌లో, హాలోథేన్‌లో పెట్టి ఎంత బిగుస్తుందో కొలవడం. కోసిన కొద్ది గంటల్లోనే చేయాలి. ప్రపంచంలో కొద్ది కేంద్రాల్లోనే చేస్తారు. హైదరాబాద్ నిమ్స్ వంటి చోట్ల చేసే కండ ముక్క పరీక్ష వేరు. అందులో సెంట్రల్ కోర్ వంటి జబ్బులు తెలుస్తాయి, మత్తు గండం నేరుగా తెలీదు. రక్తంతో జన్యు పరీక్ష చేయించుకోవచ్చు. లోపం దొరికితే సరే, దొరకనంత మాత్రాన లేదని చెప్పలేం. మామూలు సీపీకే కూడా అంతే. డుషేన్‌లో ఆకాశాన్నంటే ఈ అంకె, సెంట్రల్ కోర్‌లో మామూలుగానే ఉండొచ్చు. అందుకే అమ్మమ్మల జ్ఞాపకం మాకు అంత విలువైంది.

కాబట్టి వచ్చే పండక్కి అందరూ కలిసినప్పుడు పెద్దవాళ్లను కదిపి చూడండి. ఎవరైనా చిన్న ఆపరేషన్‌కు వెళ్లి తిరిగిరాలేదా? ‘మత్తు ఎక్కువైంది’, ‘గుండాగింది’ అని చెప్పిన మరణాలున్నాయా? ఆపరేషన్ తర్వాత ఒళ్లు కొయ్యబారి, మూత్రం నల్లగా వచ్చినవాళ్లు? నడక రాక మంచాన పడ్డ మగపిల్లలు? ‘పోలియో’ అని చెప్పినవి కూడా అడగండి. అమ్మ వైపూ, నాన్న వైపూ రెండూ. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అయితే అమ్మానాన్నల్లో ఎవరికున్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశముంటుంది. ఎవరికైనా అలా జరిగి బతికుంటే, ఆ ఆసుపత్రి నుంచి ఏ మందు ఇచ్చారో, ఏమైందో కాగితం మీద రాయించి తీసుకోండి. అడిగితే ఇవ్వాలి. ఆ కాగితం జిరాక్సులు అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ పంచి, ఆధార్ కార్డులున్న కవర్లోనే పెట్టమనండి.

అనుమానమున్నవాళ్లు ఆపరేషన్లే మానుకోవాలా అని భయపడొద్దు. నరంలోకిచ్చే ప్రొపొఫాల్, కెటమిన్ వంటివి ఈ జబ్బును రేపవు. నైట్రస్ ఆక్సైడ్ కూడా అంతే. సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చే మత్తు వీళ్లకు నిశ్చింతగా ఇవ్వొచ్చు. పన్ను పీకించుకోవడానికి చిగుళ్లలో ఇచ్చే ఇంజెక్షన్‌తోనూ భయం లేదు. డెంటిస్టుకు కూడా ఆ కాగితం ఓసారి చూపించండి.